రహీం వెయ్యని ఓవరు

గెలవాల్సిన మ్యాచ్ ఓడిపోయి నర్సయ్య క్యాంపుకు తిరిగొచ్చేసరికి ఆ కబురు అతనికంటే ముందే వచ్చి మెస్‌లో కూర్చుని ఉంది.

నర్సయ్యది కోరుట్ల దగ్గర పల్లె. మస్కట్ వచ్చి పద్నాలుగేళ్లయింది. సీబ్ అవతల ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడు. షట్టరింగ్ ఫోర్‌మన్. వారంలో ఆరు రోజులు చెక్కలు, మేకులు, ఇనుప పైపులు. ఏడో రోజు మాత్రం అతను క్యాంపు క్రికెట్ టీంకు కెప్టెన్. టీంకు జెర్సీలు లేవు. బ్యాట్లు మూడున్నాయి, అందులో ఒకటి విరిగితే నర్సయ్యే మేకు కొట్టి బాగుచేశాడు. రోడ్డు పక్కన ఖాళీ జాగాలో రాళ్లు ఏరించి, పిచ్ చదును చేయించింది కూడా అతనే. అందుకని కెప్టెన్ నువ్వెట్లా అయ్యావని ఎవరూ అడగలేదు, ఆ శుక్రవారం దాకా.

ఆ రోజు ఆట అల్ ఖువైర్ ఆఫీసుల వాళ్లతో. వాళ్లందరికీ ఒకే రంగు జెర్సీలు, వీపుల మీద పేర్లు, తాగడానికి ఐసు పెట్టెలో రంగు రంగుల నీళ్లు. క్యాంపు టీం వాళ్లను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఓడించలేదు. పన్నెండేసి ఓవర్ల ఆట, ఒక్కొక్కరు మూడు ఓవర్లకు మించి వెయ్యకూడదు. క్యాంపు వాళ్లు తొంభై నాలుగు కొట్టారు. ఆఫీసు వాళ్లు తొమ్మిది ఓవర్లకు అరవై ఏడు దగ్గర ఏడు వికెట్లు పోగొట్టుకుని, ఐసు పెట్టె చుట్టూ దిగులుగా నిలబడ్డారు.

అందులో మూడు వికెట్లు రహీంవే. రహీంది కూడా కోరుట్లే. కంపెనీలో ఇనుప కమ్మీలు కట్టే పని. ఎక్కువ మాట్లాడడు. టేపు చుట్టిన టెన్నిస్ బంతి అతని చేతిలోంచి వస్తే బ్యాట్ కిందికి దిగేలోపే వెనకాల ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము మీద ధడేలుమని మోగేది. వాళ్ల ఆటలో ఆ డ్రమ్మే స్టంపులు. రహీం రెండు ఓవర్లు వేసి ఐదు పరుగులిచ్చాడు. అతనికింకా ఒక ఓవరు మిగిలి ఉంది.

నర్సయ్య ఆ ఓవరును ఆఖరికి దాచాడు.

పదో ఓవరు గణపతికి ఇచ్చాడు. గణపతిదీ కోరుట్ల దిక్కే, సెంట్రింగ్ కార్పెంటరు, మంచివాడు, కానీ బంతి వేసేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. పంతొమ్మిది పరుగులొచ్చాయి. ఇంక పన్నెండు బంతుల్లో తొమ్మిది కావాలి. అప్పుడైనా రహీంను పిలుస్తాడని అందరూ చూశారు. నర్సయ్య బంతి తీసుకుని తానే వచ్చాడు. నాలుగో బంతికి ఆఫీసు వాళ్లలో ఒకడు దాన్ని రోడ్డు అవతల ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు మీదికి కొట్టాడు. ఆట అయిపోయింది. రహీం దూరంగా బౌండరీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఖరి ఓవరు అసలు రానేలేదు.

వ్యాన్‌లో మొదటి రెండు నిమిషాలూ ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

వ్యాన్ నడిపేది జావెద్, హైదరాబాదు వాడు. రోడ్డు కంటే ఎక్కువగా అద్దంలో నర్సయ్యనే చూస్తూ నడిపాడు. "పదో ఓవర్ గణపతికి ఇచ్చినవ్, ఠీక్ హై. గలతీ అయింది. గ్యారా నంబర్ ఓవర్ నువ్వు కైకు వేసినవ్ నర్సన్నా? రహీంకు ఇస్తే ఖతం కదా!"

వికెట్ల వెనకాల నిలబడే మొయినుద్దీన్ దానికి ఒప్పుకోలేదు. అతనిది కడప, క్యాంపు మెస్‌లో వంట. "పదకొండు యాడికొచ్చెరా? పదో ఓవరే రహీంకు ఇచ్చింటే మూడు వికెట్లూ అప్పుడే పడిపోయిండేవి. పదకొండో ఓవరన్న మాటే వచ్చిండేది కాదు."

అన్నిటికంటే పెద్ద గొంతు గణపతిది. "అసలు నాకెందుకిచ్చినవ్ అన్నా? నేను అడిగిన్నా? నేను కళ్లు మూస్తనని నీకు తెల్వదా?"

నర్సయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. రహీం ఆఖరి సీట్లో ఎప్పటిలాగే ఏమీ అనలేదు. అతను ఏమన్నా అంటే బాగుండేదని నర్సయ్యకు అనిపించింది.

మధ్యాహ్నం మెస్‌లో ప్లేట్లు పట్టుకున్నారో లేదో మ్యాచ్ మళ్లీ మొదలైంది. మొయినుద్దీన్ టేబుల్ మీద ఉల్లిగడ్డలు ఫీల్డర్లుగా పెట్టి, ఉప్పు సీసాను రహీంగా నిలబెట్టి, పదో ఓవరు ఎలా వేయించి ఉండాలో చూపించాడు. జావెద్ ఉప్పు సీసాను తీసి పదకొండో ఓవరుకు మార్చాడు. అన్నం తినేవాళ్లు ఉప్పు కావాలంటే ఆగమన్నారు. నర్సయ్య ప్లేటులో కోడి మెడ ఒక్కటే పడింది. అతను తలెత్తి చూస్తే, మొయినుద్దీన్ గరిటె పట్టుకుని ఇంకెటో చూస్తున్నాడు.

సాయంత్రం ఇంటి నుంచి భార్య కమలవ్వ పంపిన వాయిస్ మెసేజ్ వచ్చింది. గణపతి ఆ పొద్దున డ్రమ్ము పక్కన ఫోన్ నిలబెట్టి మ్యాచ్ మొత్తం ఊళ్లోవాళ్లకు చూపించాడు. నర్సయ్యకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"ఏమయ్యా, ఇంటున్నవా? ఈడ మా వాడకట్టోల్లమంత చూసినం. గా రహీం ఖాళీగ నిలవడ్డడు, నువ్వేమో బాలేస్తున్నవ్. ఏం సూసుకొని ఏసినవ్? నలుగుట్ల నాకు సిగ్గయింది."

నర్సయ్య ఆ మెసేజ్ రెండుసార్లు విని ఫోన్ బోర్లా పెట్టాడు.

శనివారం సైట్లో క్రేన్ ఆపరేటర్ పైనుంచి అరిచి మరీ అడిగాడు. కంపెనీ కాగితాల పని చూసే ఒమానీ అబూబకర్, క్రికెట్ అంటే ఏమిటో కూడా సరిగా తెలియని మనిషి, అందరి బతాకా కార్డులు తీసుకోవడానికి వచ్చి, "ముదీర్, లేష్ రహీం నో ప్లే?" అని, రహీం ఎందుకు ఆడలేదంటూ నవ్వాడు. ఆదివారం పొద్దునకల్లా నర్సయ్యకు విసుగు గొంతుదాకా వచ్చింది. తప్పు చేశానని ఒప్పుకుంటే అయిపోయేదే. కానీ ఒప్పుకుంటే ఈ ఏడాదంతా ఉల్లిగడ్డలు టేబుల్ మీదే ఉంటాయి. అందుకని అతను వేరే దారి పట్టాడు.

మొదట మొయినుద్దీన్ దగ్గరికి వెళ్లాడు. అతను వంటింటి వెనక కూర్చుని బియ్యం కడుగుతున్నాడు.

"మొయినన్నా, ఒక మాట. ఎవలకు చెప్పకు."

"చెప్పన్నా."

"నేను రహీంకు పదో ఓవర్ ఎందుకియ్యలేదో నువ్వొక్కనివి తెలుసుకో. గురువారం నువ్వు చేసిన గుడ్ల కూర తిని ఆనికి కడుపుల మంట లేసింది. నిలవడే తాకత్ లేదు. అందరి ముందల చెప్తే నీ పేరు ఖరాబయితదని నేనే నోరు మూసుకున్న."

మొయినుద్దీన్ చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి. "అల్లా! నా కూరా?" అన్నాడు సన్నగా. తర్వాత లేచి, కూరకు వాడిన మసాలా డబ్బా తీసి వాసన చూశాడు.

సాయంత్రం నర్సయ్య జావెద్ పక్కన నిలబడ్డాడు. జావెద్ వ్యాన్ అద్దాలు తుడుస్తున్నాడు. "శుక్రవారం పోయేటప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద ఎగరేసినవ్, యాదికుందా? రహీం ఎనక సీట్ల ఉండె. నడుం పట్టుకుంది. రెండోవర్లు ఎట్లేసిండో ఆనికే తెల్వాలె. నీ డ్యూటీ మీద మాటొస్తదని నేను చెప్పలే." జావెద్ చేతిలో గుడ్డ కిందపడింది. ఇరవై మంది ఎక్కే బండిలో రోజూ ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఎగురుతాయో అతనికి లెక్కే లేదు, కాబట్టి కాదనడానికి కూడా వీల్లేకపోయింది.

గణపతికి ఇంకా మెత్తని అబద్ధం కావాల్సి వచ్చింది. "నీకు ఓవర్ ఇయ్యుమన్నది నేను కాదురా. రహీమే. గణపతన్న నెల రోజులసంది మొకం ఏలాడేసుకొని తిరుగుతుండు, ఒక్క ఓవర్ ఏస్తె పానం కుదుట పడ్తదన్నడు. ఆని ఓవర్ ఆడు నీకిచ్చిండు."

గణపతి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అవి తడిసి ఉన్నాయి.

కమలవ్వకు ఫోన్ చేసి, ఆ పొద్దున నీ గురించే ఆలోచిస్తూ మనసు ఆట మీద పెట్టలేకపోయానని చెప్పి చూశాడు. "పద్నాలుగేండ్ల సంది లేనిది గప్పుడే యాదికొచ్చిన్నా? నాకు చెప్పకు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. అబద్ధం పారనిది అక్కడొక్కచోటే.

సోమవారం మెస్‌లో ఉల్లిగడ్డలు కనిపించలేదు. ఎవరైనా మ్యాచ్ మాట ఎత్తితే మొయినుద్దీనే, "ఖల్లివల్లి, పోనీలే, ఆటన్నాక ఓడిపోవడం ఉండదా?" అని నోరు మూయించాడు. నర్సయ్య ప్లేటులోకి మళ్లీ కోడి కాలు వచ్చింది. అతను హాయిగా తిన్నాడు.

హాయి లేనిది రహీంకే.

ఆ పొద్దున టిఫిన్‌కు అందరికీ పరాటాలు పెట్టి మొయినుద్దీన్ రహీంకు మాత్రం మెత్తటి గంజి, పక్కన పెరుగు పెట్టాడు. "కారం వద్దు నాయనా," అన్నాడు. వ్యాన్ దగ్గర జావెద్ ముందు సీటు తలుపు తెరిచి పట్టుకున్నాడు. సీటులో దిండు ఉంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండిని ఆపి, రహీం మొహం చూసి, చీమలాగా దాటించాడు. వెనకాల హారన్లు మోగినా లెక్కచెయ్యలేదు. సైట్లో గణపతి వచ్చి కమ్మీల కట్ట రహీం భుజం మీంచి తీసుకుని, "నువ్వు కూసో తమ్మీ. నీ గుండె ఎంత పెద్దదో నాకు తెల్సు," అన్నాడు.

మంగళవారం కూడా గంజే. ఈసారి రెండు ఉడకబెట్టిన గుడ్లు తోడయ్యాయి. అయితే వాటిని ఇచ్చే ముందు మొయినుద్దీన్ ఒకటి కొరికి చూసి, బాగున్నాయని తల ఊపాడు. గణపతి ఎక్కడ కనిపించినా రహీం గుండె గురించే మాట్లాడాడు. రహీంకు చెమటలు పట్టాయి. ఆర్నెల్ల కింద కంపెనీ అందరికీ రక్త పరీక్షలు చేయించింది. దాని సంగతేదో వీళ్లందరికీ తెలిసింది, తనకొక్కడికే చెప్పడం లేదు అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం కోరుట్ల నుంచి అతని భార్య రాబియా ఏడుస్తూ ఫోన్ చేసింది. గణపతి తన భార్య శ్రీలతతో రహీం కొంచెం బాగా లేడన్నాడట. శ్రీలత బీడీల కార్ఖానా దగ్గర రాబియాను పట్టుకుని ధైర్యం చెప్పిందట. అసలు సంగతి చెప్పకుండా ధైర్యం చెప్పేసరికి ఆమె బీడీల చాట అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తింది.

రహీం ఫోన్ పట్టుకుని నేరుగా నర్సయ్య రూమ్‌కు వచ్చాడు. నర్సయ్య మంచం మీద కూర్చుని బ్యాట్ పిడికి కొత్త గ్రిప్ ఎక్కిస్తున్నాడు.

"అన్నా, నాకేమైంది? ఉన్నదున్నట్టు చెప్పు. నేను తట్టుకుంట."

నర్సయ్య అతని మొహం చూశాడు. మూడు రోజుల గంజితో అది నిజంగానే పీక్కుపోయినట్టుంది. గ్రిప్ చేతిలోంచి జారింది.

"నీకేం గాలేదురా," అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. గుడ్ల కూర, స్పీడ్ బ్రేకర్, గణపతి మీద ప్రేమ. చెప్తున్నంతసేపూ నేలను చూస్తూనే చెప్పాడు.

రహీం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మరి నిజంగ ఎందుకియ్యలేదన్నా?"

"ఏం లేదు. ఆఖరి ఓవర్ వస్తది, అప్పుడు నువ్వుంటవు అనుకున్న. రాలే."

"ఓడిపోయినందుకు బాధ లేదన్నా. గాడ నిలవడి చూసుడే కష్టమైంది. ఒక్కసారన్న నా దిక్కు చూస్తవనుకున్న."

"చూసినరా. ప్రతి బాల్‌కు చూసిన. నువ్వింక ఉన్నవు గదా అని ధైర్యంగ ఉన్న. గా ధైర్యమే కొంప ముంచింది."

రహీం మొహంలో ఏదో సడలింది. మంచం చివర కూర్చున్నాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత ఒళ్లంతా ఊగేట్టు.

"రేపు పొద్దుగాల అందరికీ నేనే చెప్త," అన్నాడు నర్సయ్య.

"వద్దు! శుక్రవారం దాకా ఆగు."

"ఎందుకురా?"

"నాలుగేండ్లయితుంది, ఎనక సీటు తప్ప ఇంకో సీటు చూడలే. ముందల కూసుంటే సముద్రం కనవడ్తదన్నా! నాకు తెల్వనే తెల్వదు." అని, వేలు చూపించి, "రాబియాకు మాత్రం ఇప్పుడే నువ్వే ఫోన్ చేసి చెప్పాలె. నీ నోటితోని," అన్నాడు.

నర్సయ్య చెప్పాడు. ఫోన్‌లో రాబియా ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, చివరికి నవ్వింది. ఆ మూడూ నర్సయ్య నిలబడే విన్నాడు.

గురువారమంతా రహీం అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. మధ్యమధ్యలో నడుం పట్టుకున్నాడు. గంజి చాలని, కొంచెం కోడి పులుసు అయితే ఒంటికి పడుతుందేమోనని మొయినుద్దీన్‌తో నీరసంగా అన్నాడు. పావుగంటలో పులుసు వచ్చింది. నర్సయ్య తన ప్లేటులో పప్పు చూసుకుని పళ్లు కొరుక్కున్నాడు, కానీ కిక్కురుమనలేదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. ఈసారి మత్రా సూక్‌లో దుకాణాల్లో పనిచేసేవాళ్ల టీం. తొమ్మిది ఓవర్లయ్యేసరికి వాళ్లు గెలవడానికి మూడు ఓవర్లలో ముప్పై ఒకటి కావాలి. రహీంకు ఒక ఓవరు మిగిలి ఉంది, నర్సయ్యకు ఒకటి. గణపతి ఇంకా వెయ్యలేదు. మిగతావాళ్లవి అయిపోయాయి.

నర్సయ్య బంతి చేతిలో తిప్పుతూ నడుమ నిలబడ్డాడు. "ఎవలన్న ఏదన్న చెప్పుర్రి," అన్నాడు.

మొయినుద్దీన్ గ్లౌజుల వైపు చూసుకున్నాడు. జావెద్ మబ్బు లేని ఆకాశం వైపు చూశాడు. "నీ మర్జీ నర్సన్నా," అన్నాడు. వారం కింద ఇరవై సలహాలు ఇచ్చిన నోళ్లు, అడిగి అడుక్కుంటే ఒక్కటి కూడా పెగల్లేదు. అన్నేళ్ల కెప్టెన్సీలో నర్సయ్యకు అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

బంతి రహీంకు ఇచ్చాడు.

రహీం నాలుగు పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు. రెండో వికెట్ పడ్డప్పుడు మొయినుద్దీన్ కళ్లు తుడుచుకుంటూ, "ఆ కడుపుతో!" అన్నాడు. అటువైపు నుంచి జావెద్, "ఆ నడుంతోని!" అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ, ఆట నడుస్తోంది.

పదకొండో ఓవరు నర్సయ్య వేసి పదిహేను ఇచ్చాడు. ఆఖరి ఓవరుకు గణపతి తప్ప ఎవరూ లేరు, వాళ్లకు పన్నెండు కావాలి. గణపతి ఐదు బంతుల్లో తొమ్మిది ఇచ్చాడు. చివరి బంతి వేస్తూ మామూలుగానే కళ్లు మూసుకున్నాడు. మత్రా అతను బలంగా ఊపితే బంతి నిట్టనిలువుగా పైకి లేచింది. "నాది!" అని మొయినుద్దీన్ అరిచాడు, "నాది!" అని జావెద్ అరిచాడు, ఇద్దరూ మర్యాదగా ఆగిపోయారు. బంతి వాళ్లిద్దరి మధ్య పడింది. అప్పటికి ఒక పరుగైంది. రెండో దానికి ఉరికారు. మొయినుద్దీన్ బంతి అందుకుని విసిరితే అది డ్రమ్ముకు తగిలి ధడేలుమంది. రనౌట్. ఒక్క పరుగు తేడాతో గెలిచారు. గణపతి కళ్లు తెరిచి, "ఏమైంది?" అని అడిగాడు.

వ్యాన్‌లో పాటలు మొదలయ్యాయి. రహీం ముందు సీట్లో దిండు మీద ఠీవిగా కూర్చున్నాడు. అతని ఫోన్ మోగితే గెలిచిన ఉత్సాహంలో జావెదే నొక్కి స్పీకర్ పెట్టాడు. రాబియా.

"మ్యాచ్ చూసిన! నర్సన్న ఉన్నడా? సలాం అన్నా. పోయినసారి ఓడిపోయి గుడ్ల కూర అంటివి, స్పీడ్ బ్రేకర్ అంటివి, గణపతన్న మీద ప్రేమ అంటివి. ఇయ్యాల గెలిచినవు గదా, ఇంక ఎవలకు ఏం అబద్ధం చెప్తవ్?"

పాట ఆగింది. జావెద్ వ్యాన్‌ను మెల్లగా పెట్రోల్ బంకు పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ కూడా ఆపేశాడు. మొయినుద్దీన్ వెనక్కి తిరిగాడు. గణపతి లేచి నిలబడ్డాడు.

"కూర మంచిదే?" అన్నాడు మొయినుద్దీన్.

"శానా మంచిదన్నా," అన్నాడు నర్సయ్య.

"నేను ఆ మసాలా అంతా పారబోసి కొత్తది దంచుకుంటి!"

"నేను పది కిలోమీటర్ల స్పీడ్‌ల నడిపిన! సూపర్‌వైజర్‌తోని తిట్లు తిన్న!" అన్నాడు జావెద్.

గణపతి సీట్ల మధ్య నుంచి ముందుకొచ్చాడు. రహీం దగ్గరికి వంగి, "నాకు ఓవర్ ఇయ్యుమని నువ్వు చెప్పలేదా తమ్మీ?" అని అడిగాడు.

"పోయినసారి చెప్పలేదన్నా," అన్నాడు రహీం, దిండు మెల్లగా పక్కకు జరుపుతూ. "కానీ ఇయ్యాల ఆఖరి ఓవర్ నువ్వేస్తుంటే నేనే దువా చేసిన. కసం."

తీర్పు అక్కడే, పెట్రోల్ బంకు పక్కనే అయిపోయింది. ఆ రోజు మెస్ గిన్నెలన్నీ నర్సయ్య తోమాలి. సంగతి తెలిసి కూడా కోడి పులుసు తాగినందుకు రహీం పక్కన నిలబడి కడగాలి.

మధ్యాహ్నం ఇద్దరూ వంటింటి వెనక నల్లా దగ్గర మోకాళ్ల దాకా లుంగీలు ఎత్తి కట్టుకుని కూర్చున్నారు. గెలుపు పేరు మీద మొయినుద్దీన్ బిర్యానీ చేశాడు, అడుగు మాడిన డేగిషాలు వరసగా నిలబడి ఉన్నాయి. కాసేపటికి మొయినుద్దీన్ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి, ముందు వాళ్లిద్దరికీ ఇచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. జావెద్, గణపతి కూడా వచ్చారు.

"వచ్చే శుక్రవారం ఎవరితోనన్నా?" అన్నాడు మొయినుద్దీన్.

"సోహార్ దిక్కు నుంచి ఒక టీం వస్తుందట," అన్నాడు నర్సయ్య, పీచుతో మాడు గీకుతూ. "మొదటి ఓవర్ ఎవలకియ్యమంటరు?"

ముగ్గురూ ఒక్కసారే మూడు పేర్లు చెప్పారు. రహీం నవ్వుతూ నల్లా ఇంకొంచెం తిప్పాడు.